అడుగుచెక్క కింద నీళ్ళు

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. మా బిర్కో దీవిలో ఆ మంగళవారం పొద్దున ఒక్క నోరూ మంచిగా లేదు. కొట్లో రొట్టెల అర ముందు నిలబడ్డవాళ్ళంతా ఐగిల్ గురించే మాట్లాడుతున్నారు. ముందురోజు సాయంత్రం ఫోబోర్ పట్నం నుంచి జనాన్ని ఎక్కించుకొస్తూ, మాకున్న ఒకేఒక్క ప్రయాణికుల బోటుని ఆయన మోర్టెన్ దిబ్బ అనే ఇసకమేట మీదికి ఎక్కించేశాడు. బోటు గభాల్న ఆగేసరికి ఎల్నా ముసలమ్మ బల్ల మీంచి కిందపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఏళ్ళ తరబడి అదే దారిలో నడిపినవాడు, ఆ దిబ్బ ఎక్కడుందో ఆయనకి తెలియదా? వయసు మీదపడ్డాక కూడా చుక్కాని పట్టుకుని వేలాడితే ఇంతే మరి, అని ఒకావిడ తేల్చేసింది.

"చూస్తూ ఉండండి, తప్పంతా లోతు చూపించే ఆ కొత్త స్క్రీన్ మీదికి నెట్టేస్తాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు," అన్నాడు పందుల రైతు థోర్వాల్.

అని వెనక్కి తిరిగేసరికి బోదిల్ కనపడింది. ఆ స్క్రీన్ బిగించింది ఆవిడే. థోర్వాల్ గొంతు సవరించుకుని, నీ పనికి వంక పెట్టేవాడెవడమ్మా అని ఒక పొగడ్త పారేశాడు. బోదిల్ నల్లరొట్టె చంకలో పెట్టుకుని, నవ్వీ నవ్వనట్టు నవ్వి బయటికొచ్చేసింది.

పడమటి గాలి ఆగకుండా వీస్తోంది. మా దగ్గర సముద్రానికి ఆటుపోట్లు లేవు, గాలే దానికి యజమాని. పడమటి గాలి పట్టిందంటే రేవులో నీళ్ళన్నీ తోసుకుపోతుంది. స్తంభాల మీది నాచు బయటపడి కంపుకొడుతోంది. బోదిల్ రొట్టెని సైకిలు బుట్టలో పడేసి, పనిముట్ల సంచి తీసుకుని తిన్నగా ఆ ప్రయాణికుల బోటు, యోహానె, దగ్గరికే పోయింది.

ఆవిడని ఎవరూ పిలవలేదు. థోర్వాల్ పొగడ్తే పొద్దుట్నించి ముల్లులా గుచ్చుతోంది. గురువారం సాయంత్రం బోటు సంఘం సమావేశం పెట్టింది. ఐగిల్‌ని ఉంచాలా, ఇంటికి పంపాలా అన్నది అక్కడే తేలుతుంది. పంపితే రేవు పక్కన ఉన్న పచ్చరంగు కెప్టెన్ ఇల్లు కూడా ఆయన ఖాళీ చెయ్యాలి. ఆయన స్థానంలోకి వచ్చేది ఎవరంటే, సెలవు రోజుల్లో ఆయనకి బదులు బోటు నడిపే లౌరిట్స్. లౌరిట్స్ బోదిల్ మొగుడు.

రాత్రే దిబ్బ మీంచి లాగి తెచ్చిన బోటులోనే ఐగిల్ ఉన్నాడు. ఇంజను గదిలోంచి నీళ్ళు తోడిపోస్తున్నాడు. అడుగున చెక్క చిట్లలేదు, రంగు మాత్రమే గీసుకుపోయిందని చెప్పాడు, అదీ అడిగితేనే. పొడుగ్గా, ఎముకల గూడులా ఉంటాడు మనిషి. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ మొహం కేసి కాక, భుజం పక్కన ఎక్కడో చూస్తాడు. కొందరికి అది పొగరనిపిస్తుంది.

"స్క్రీన్ ఒకసారి చూస్తాను," అంది బోదిల్.

"చూడు అమ్మాయ్. నేను దాన్నేమీ అనలేదు."

"అనలేదని తెలుసు. అందుకే వచ్చాను."

ఆయన బాల్చీ తీసుకుని పైకి వెళ్ళిపోయాడు.

చుట్టుపక్కల చిన్న దీవులన్నిటికీ పడవల్లో వైర్లు చూసే మనిషి బోదిల్ ఒక్కతే. ఇక్కడి పడవల్లో ఏదీ ఒక వయసుది కాదు. గాలి చూసే పరికరం ఒక కాలానిది, దిక్సూచి ఇంకో కాలానిది, లోతు కొలిచేది తాతలనాటిది. కొత్త స్క్రీన్లేమో ఒకే తాడుకి గుచ్చిన పూసల్లా, అన్నీ ఒకే తీగ మీద కలవాలంటాయి. పాతవాటికి ఆ తీగతో మాట్లాడటం రాదు. మధ్యలో అగ్గిపెట్టంత పెట్టె ఒకటి పెట్టి, పాతదాని మాటని కొత్తదానికి అర్థమయ్యేట్టు మార్చాలి. ఎవరి పచ్చ వైరు ఎవరి తెల్లవైరుతో కలవాలో, పాతది ఎంత వేగంగా మాట్లాడుతుందో కనిపెట్టి కలపడమే ఆవిడ పని. వసంతంలో యోహానెకి అదే చేసింది. అడుగున ఉన్న లోతుపెట్టె ఇంకా బాగా పనిచేస్తోందని దాన్నలాగే ఉంచి, చుక్కాని ముందున్న లోతు చూపించే పెద్ద ముల్లు గడియారాన్ని పీకేసి, ఆ కన్నంలో స్క్రీన్ బిగించింది. సంఘం వాళ్ళంతా వచ్చి చూసి ముచ్చటపడ్డారు కూడా.

ఇప్పుడు మోకాళ్ళమీద కూచుని, బల్ల కింద మూత విప్పి, దీపం నోట్లో పట్టుకుని చూసింది. మార్పిడి పెట్టె మీద ఆకుపచ్చ చుక్క శుభ్రంగా మిణుకుతోంది. వైర్ల చివర తుప్పు లేదు. ఒక్కో వైరునీ వేలితో లాగి చూసింది, ఏదీ వదులుగా లేదు. హమ్మయ్య అనుకుంది. పైకి లేచి స్క్రీన్ వెలిగించింది. ఆ యంత్రం గడిచిన రోజుల లోతుని ఒక గీతగా దాచుకుంటుంది. వేలితో వెనక్కి జరుపుకుంటూ వెళ్ళి సోమవారం సాయంత్రం దగ్గర ఆపింది. గీత కిందికి దిగుతూ దిగుతూ వచ్చి, ఒకచోట కదలకుండా బల్లపరుపుగా నిలబడిపోయింది. బోటు ఇసకలో కూరుకున్న చోటు అది. పక్కన అంకె చూసింది. ఎనభై సెంటీమీటర్లు.

బోటు అడుగు నేలకి ఆనుకుని ఉంటే ఎనభై సెంటీమీటర్ల నీళ్ళెక్కణ్ణించి వచ్చాయి?

అక్కడే నిలబడి ఆ అంకెని చాలాసేపు చూసింది. తర్వాత పైకి పోయి, కప్పు మీద కట్టి ఉన్న లోతు కొలిచే రంగు కట్ల వెదురు గెడ విప్పి, బోటు పక్కనే నీళ్ళలోకి దించింది. గెడ అడుగు తగిలాక వేలితో పట్టుకుని పైకి తీసి లెక్క చూసింది. మళ్ళీ రెండోవైపు దించింది. లోపలికి పోయి స్క్రీన్ చూసింది. బోటు ఎంత లోతు మునుగుతుందో దీవిలో పుట్టిన ప్రతి బిడ్డకీ తెలుసు. గెడ లెక్కలోంచి అది తీసేసి స్క్రీన్ అంకెతో పోలిస్తే తేడా సరిగ్గా ఆ ఎనభయ్యే.

మా దీవివాళ్ళకి లోతంటే ఒకటే, అడుగుచెక్క కింద మిగిలిన నీళ్ళు. పైనుంచి ఎంత, మధ్యనుంచి ఎంత అని ఎవరూ అడగరు. ముల్లు సున్నా మీదికొస్తే ఆనినట్టు, అంతే. ప్రతి బోటులోనూ తాతలు ఆ లెక్క ముందే తీసేసి పెట్టారు. స్క్రీన్ చేసినవాళ్ళకి ఆ సంగతేం తెలుసు? అడుగున కొలిచే ముక్క ఎక్కడ బిగించారో అక్కణ్ణించి నేలదాకా చూపిస్తుంది అది. దాని కింద ఇంకో ఎనభై సెంటీమీటర్ల చెక్క ఉందని ఎవరో ఒకరు దానికి చెప్పాలి.

బోదిల్ చెప్పలేదు. ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి కాబట్టి, ఆ లెక్క వేరే ఉంటుందన్న ఊహే రాలేదు. ఏ పరాయివాడో బిగించి ఉంటే ముందు అదే అడిగి ఉండేవాడు.

ఇంటికి పోయి, షెడ్డులో అటక మీంచి పాత ముల్లు గడియారం దించింది. పళ్ళెమంత తెల్లటి మొహం, వేలంత లావు నల్లటి ముల్లు. వెనక్కి తిప్పి చూస్తే చిన్న మర ఒకటి, దానిమీద ఎవరిదో ఎర్రటి గోళ్ళరంగు చుక్క. ఎనభై సెంటీమీటర్లు తీసేసేది ఆ మరే. గడియారం పీకినప్పుడు లెక్క కూడా దానితోపాటే బోటు దిగిపోయింది. బోదిల్ దాన్ని పనిబల్ల మీద పెట్టింది. ఆ రోజు రేవులోనే స్క్రీన్ వెలిగించి, అంకె వచ్చింది, కదులుతోంది అని సంబరపడింది తప్ప, ఒక్కసారి గెడ దించి సరిచూడలేదు. తను ఎవరికైనా పని నేర్పితే మొట్టమొదట చెప్పే మాట అదే.

లౌరిట్స్ వంటగదిలో వేపుడు చేప తిరగేస్తున్నాడు. ఆల్చిప్పలు తవ్వే పెద్ద పడవలో పని అతనిది. వెళ్తే వారాల తరబడి ఇంటికి రాడు, వచ్చినప్పుడు మాత్రం పొయ్యి దగ్గరికి ఎవర్నీ రానివ్వడు. బోదిల్ ఉడికిన బంగాళాదుంపల తొక్క తీస్తూ మొత్తం చెప్పింది. అతను చేప మాడుతున్నా పట్టించుకోకుండా విన్నాడు.

గడియారం వెనక మర సంగతి ఐగిల్‌కి తెలుసా అని అడిగాడు. తెలిసే అవకాశం లేదంది. ఆయన స్క్రీన్‌ని ఏమైనా అన్నాడా? ఒక్క మాటా అనలేదంది.

"మరింకేం? కందకి లేని దురద కత్తిపీటకెందుకు?"

"ఎల్నా చెయ్యి విరిగింది, లౌరిట్స్."

"నువ్వు చెబితే అతుక్కుంటుందా?" పొయ్యి ఆర్పేశాడు. "నేనేం ఆయన ఉద్యోగం లాక్కోవడం లేదు. ఆయనకి ఎలాగూ వయసైపోయింది. ఇవాళ కాకపోతే వచ్చే ఏడు పోతాడు. నేను రోజూ సాయంత్రం ఇంట్లో ఉంటాను. అది తప్పా?"

తప్పు కాదు. అసలు దాన్నే కదా ఆవిడ కూడా కోరుకుంటోంది. రేవు పక్క పచ్చ ఇల్లు, కిటికీలోంచి చూస్తే బోటు రావడం కనపడటం, దీపాలు పెట్టే వేళకి మొగుడు గుమ్మంలో బూట్లు విప్పడం, ఇవన్నీ ఎన్నిసార్లు ఊహించుకుందో ఆవిడకే తెలుసు. అందుకే పళ్ళెం పక్కకి నెట్టేసింది. రేపటినుంచి తనని పనికెవరు పిలుస్తారన్న భయం ఒకటి, తన చేత్తో తనే మొగుణ్ణి మళ్ళీ ఆల్చిప్పల పడవ ఎక్కించబోతోందన్న బాధ ఒకటి. బుధవారమంతా షెడ్డు తలుపు మూసుకుని, చెయ్యాల్సిన పనులు చేతిలో పట్టుకుని, ఏదీ చెయ్యకుండా కూచుంది.

గురువారం సాయంత్రం ఊరి హాలు నిండిపోయింది. బల్లలమీద కాఫీ కూజాలు, క్రీము పొరల కేకు. మా వాళ్ళు ఒకడి మెడ మీద కత్తి పెట్టాలన్నా ముందు కేకు కోస్తారు. సంఘం అధ్యక్షురాలు వీబెకె బడి పంతులమ్మగా చేసి దిగిపోయిన మనిషి, అందర్నీ ఇంకా పిల్లల్లాగే వరసలో కూచోబెడుతుంది. ఐగిల్ గోడవారన, చేతులు తొడలమీద పెట్టుకుని కూచున్నాడు. ఎల్నా పిండికట్టు చేత్తో ముందు వరసలో ఉంది. ఆవిడకి ఆయన మీద కోపం లేదు, జనం చూస్తుంటే కట్టు దాచుకోవడం తెలియక అవస్థపడుతోంది.

వీబెకె మర్యాదగానే అడిగింది. నీళ్ళు తక్కువున్నాయని తెలుసా? తెలుసు. వేగం తగ్గించారా? తగ్గించాను. స్క్రీన్ చూశారా?

"చూశాను," అన్నాడు ఐగిల్.

"ఎంత చూపించింది?"

"సరిపడా చూపించిందనుకున్నాను."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అనుకున్నాడట, అని థోర్వాల్ పక్కవాడి చెవిలో అనడం హాలంతా వినపడింది. ఐగిల్ మొహం ఎర్రబడింది. ఆ నవ్వు బోదిల్‌కి వినబుద్ధి కాలేదు. లేచి నిలబడింది. లేచాక గానీ తను లేచానని ఆవిడకి తెలియలేదు.

ఉన్నదున్నట్టు చెప్పింది. గీత గురించి, గెడ గురించి, వెనకనున్న మర గురించి. బోటు ఆనినప్పుడు కూడా స్క్రీన్ మీద ఎనభై ఉందని, ఆ అంకె చూసిన ఎవరైనా ఇంకా నీళ్ళున్నాయనే అనుకుంటారని చెప్పింది. మధ్యలో ఆగి, నీళ్ళు తాగి మళ్ళీ చెప్పింది. తప్పు ఐగిల్ గారిది కాదు, నాది, అని కూచుంది. లౌరిట్స్ కుర్చీ వెనక్కి జరిపి, కోటు తీసుకుని, ఎవరి మొహమూ చూడకుండా బయటికి పోయాడు.

"అయితే ఎల్నా చెయ్యి విరగ్గొట్టింది నువ్వన్నమాట," అన్నాడు థోర్వాల్, ఈసారి చాటుగా కాదు.

వీబెకె వాణ్ణి కూచోమంది. ఆలోచించి, రేపు పొద్దున బోదిల్ స్క్రీన్ సరిచెయ్యాలని, ఇదే తక్కువ నీళ్ళలో ఐగిల్ బోటు నడుపుతుంటే తను స్వయంగా గెడతో సరిచూస్తానని, రెండూ కలిస్తే ఆయన మీద మాట ఉండదని చెప్పింది. అందరూ సరేనన్నారు. ఐగిల్ టోపీ పెట్టుకుని, బోదిల్ పక్కనించే నడిచి వెళ్ళిపోయాడు. మెచ్చుకోలు కాదు కదా, ఒక తలూపు కూడా లేదు. ఆవిడకి చురుక్కుమంది. మీకోసం ఇల్లు గుల్ల చేసుకున్నాను కదయ్యా, ఒక్క మాటంటే ఏం పోయింది, అనుకుంది.

శుక్రవారం పొద్దున కాఫీ తాగేలోపే పట్నం నుంచి ఒక పడవ యజమాని ఫోన్ చేసి, తన పని వేరేవాళ్ళకి ఇస్తున్నానని మర్యాదగా చెప్పాడు. లౌరిట్స్ అది విని కూడా రొట్టె మీద వెన్న రాస్తూ ఉండిపోయాడు. తిడితే బావుండేదనిపించింది బోదిల్‌కి.

స్క్రీన్‌కి లెక్క చెప్పడం ఎంతసేపు? మీట నొక్కి, అడుగుచెక్క దగ్గర ఎనభై అని పెట్టింది, అయిపోయింది. ఇంత చిన్న పనికి ఇంత గొడవా అని ఏడుపొచ్చింది. పదింటి బోటుకి అందరూ ఎక్కారు. వీబెకె ముందు భాగాన గెడ పట్టుకుని, వాన కోటు బొత్తాలు మెడదాకా పెట్టుకుని నిలబడింది. ఐగిల్ చుక్కాని దగ్గర, బోదిల్ ఆయన పక్కన. మోర్టెన్ దిబ్బ దగ్గరికి రాగానే వీబెకె గెడ దించి అంకె అరిచింది, బోదిల్ స్క్రీన్ చూసి బదులు అరిచింది. కలిసింది. మళ్ళీ అరిచింది, మళ్ళీ కలిసింది. దిబ్బ దాటేదాకా వాళ్ళిద్దరూ అలా అరుచుకుంటూనే ఉన్నారు. మధ్యలో ఐగిల్ చుక్కానిని రెండు వేళ్ళంత అటు, రెండు వేళ్ళంత ఇటు తిప్పుతూ బోటుని ఇరుకు దారిలోంచి దారంలా లాక్కుపోయాడు. ఎవరికీ భుజం కూడా కదల్లేదు.

ఫోబోర్ చేరాక వీబెకె గెడ కప్పు మీద పెట్టి ఐగిల్ చెయ్యి పట్టుకుని ఊపింది. తనకి పట్నంలో వేరే పని లేదని, ఊళ్ళో మంచి కబురు ముందుగా చెప్పాలని, అప్పుడే దీవికి పోతున్న థోర్వాల్ మోటారు పడవ ఎక్కేసింది.

తిరుగు ప్రయాణానికి జనం ఎక్కారు. ఎల్నా ఆసుపత్రిలో కట్టు చూపించుకుని వచ్చింది, ఇంకా నలుగురైదుగురు సంచులతో కూచున్నారు. బోదిల్ మళ్ళీ ఐగిల్ పక్కనే నిలబడింది. ఇక సరిచూసేదేమీ లేదు, అయినా ఇంకోసారి కళ్ళారా చూసుకుంటే తృప్తి.

సముద్రం మీద ఎండొచ్చింది. దిబ్బ ఇంకా కొంత దూరం ఉందనగా, ఐగిల్ ముందుకే చూస్తూ అడిగాడు, ఏమంటోంది నీ యంత్రం అని. వేళాకోళమనుకుని, నవ్వుతూ అంకె చెప్పింది. కాసేపటికి మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పింది. ఎండ పడి అంకెలు కనపడటం లేదు కాబోలనుకుని, వెలుతురు పెంచుదామని స్క్రీన్ పక్క మీట నొక్కింది. అదే మీట, కొంచెం నొక్కితే వెలుతురు, ఎక్కువసేపు నొక్కితే మొత్తం ఆరిపోతుంది. సరిగ్గా అప్పుడే అల ఒకటి బోటుని ఎత్తేసింది. ఆవిడ పడకుండా నిలదొక్కుకోవడానికి ఆనుకుంది మీట మీదే. స్క్రీన్ నల్లగా అయిపోయింది.

అయ్యో, ఉండండి, అనబోయింది. ఈలోపు ఐగిల్ తల తిప్పి ఆ నల్లటి పలక కేసి చూశాడు. నిదానంగా, ఎప్పుడూ చూసేట్టే చూసి, తలాడించాడు.

"బాగుంది. నీళ్ళింకా ఉన్నాయి," అన్నాడు.

బోదిల్ ఆయన మొహం కేసి చూసింది. ఆయన కళ్ళు మళ్ళీ ముందుకి తిరిగాయి, దారి గుర్తుగా తేలే ఎర్ర బుంగ ఉండాల్సిన చోటికి కొంచెం పక్కగా. ఇంతకాలం తన భుజం పక్కన ఎక్కడో చూసి మాట్లాడే మనిషి. పొగరు కాదు, అలా పక్కనించి చూస్తే గానీ ఆయనకి మొహాలు కనపడటం లేదు.

వెనక ఎల్నా ఎవరితోనో మనవరాలి గురించి చెబుతోంది. ముందు నీళ్ళు రంగు మారుతున్నాయి, పచ్చనుంచి ఇసక రంగుకి. స్క్రీన్ మళ్ళీ వెలగాలంటే నిమిషం పైనే పడుతుంది, పాత పెట్టె మాట దానిదాకా రావాలంటే ఇంకా ఆలస్యం.

"ఇంజను తగ్గించండి," అంది బోదిల్ నెమ్మదిగా, జనానికి వినపడకుండా.

"ఎందుకు?"

"స్క్రీన్ ఆరిపోయింది, ఐగిల్ గారూ. మీరు చూసినప్పటికే ఆరిపోయింది."

ఆయన చెయ్యి ఇంజను పిడి మీద ఒక్క క్షణం గడ్డకట్టినట్టు ఉండిపోయింది. తర్వాత కిందికి లాగాడు. బోదిల్ కప్పు మీంచి గెడ లాక్కుని ముందుకి పరిగెత్తింది. దించింది, అరిచింది. దించింది, అరిచింది. తడికి గెడ ఒకసారి జారిపోయినంత పనైంది. ఆవిడ గొంతు ఎటు చెబితే బోటు అటు తిరిగింది. ఒకచోట అడుగుచెక్క కింద జానెడు నీళ్ళే ఉన్నాయి. దాటేశారు. జనం ఇదీ పరీక్షలో భాగమేననుకున్నారు, ఎల్నా అయితే ఒంటిచేత్తో తొడ మీద చప్పట్లు కొట్టింది.

దీవి రేవు కనపడుతుండగా ఆవిడ లోపలికొచ్చి తలుపు మూసింది. ఆయనే మొదలుపెట్టాడు. పోయిన చలికాలం నుంచి చూపుకి నట్టనడుమ మసకట. చుట్టూ అంతా కనపడుతుంది, చూడాలనుకున్నదే కనపడదు. డాక్టరు దీనికి ఆపరేషను లేదు, మందు లేదన్నాడట. ఈ దారి ఆయన ఒంటికి తెలుసు. నీళ్ళు తగ్గిన రోజుల్లో మాత్రం ముల్లు కావాలి. అంత లావు ముల్లు ఎటు వాలిందో ఓరకంట తెలిసిపోయేది. ఈ అంకెలు ఏవైపునుంచి చూసినా కనపడలేదు. సోమవారం పక్కన అడగడానికి ఎవరూ లేరు.

అంటే ఎనభై సెంటీమీటర్ల లెక్క సరిగా ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. నిన్న అందరిముందూ తను మోసింది ఈయన బరువు. మోస్తుంటే ఈయన గోడవారన కూచుని చూస్తూ ఊరుకున్నాడు. బోదిల్‌కి కోపం భగ్గుమంది. ఆయన చుక్కాని మీద వేళ్ళు చూసేసరికి ఆ కోపం ఎటూ పోలేక లోపలే ఉండిపోయింది.

"ఆ ముల్లు గడియారం నీ దగ్గరే ఉంది కదా," అన్నాడు. "మళ్ళీ పెట్టేయ్ అమ్మాయ్. స్క్రీన్ పక్కనే. రెండు వైర్లు. నీకదెంత పని? ఎవరికీ ఏ నష్టమూ లేదు."

నిజమే, రెండు వైర్లు. ఎక్కడ కలపాలో కూడా ఆవిడ మనసులో అప్పుడే కలిపేసింది. పెట్టేస్తే ఈయన ఇల్లు ఈయనకి ఉంటుంది, తన మాట తనకి ఉంటుంది, ఊరంతా కేకు తిని ఇంటికి పోతుంది. రేవు మొదట్లో, బోటుకి సరిగ్గా ఎదురుగా, ఇద్దరు ఆడపిల్లలు చిన్న తెడ్డు పడవ వేసుకుని తిరుగుతున్నారు. బోటు వాళ్ళ పక్కనించి పోయింది. ఐగిల్ తల తిప్పలేదు.

"ముల్లు లోతే చెబుతుంది," అంది బోదిల్. "వీళ్ళున్నారని చెప్పదు. పెట్టను."

"ఎవరు?"

అడిగాక ఆయనకే అర్థమైంది.

"మొగుడి కోసమే చేశావంటారు. నిన్న మంచిదాన్నని అనిపించుకుని ఇవాళ గొంతు కోసిందంటారు."

"అంటారు."

"లౌరిట్స్ ఆ ఇంట్లో కాలు పెట్టిన ప్రతిసారీ అంటారు."

"తెలుసు."

గట్టు మీద జనం ఉన్నారు. వీబెకె కబురు ముందే చేరిపోయింది. ఎవరో చిన్న జెండా కూడా కట్టారు. తాడు అందుకోవడానికి లౌరిట్స్ వచ్చి నిలబడ్డాడు, ఇంట్లో ఉండి గోడలు చూడలేక వచ్చినట్టున్నాడు. బోదిల్ తాడు విసిరింది, అతను పట్టుకుని స్తంభానికి చుట్టాడు. ఐగిల్ బోటుని వెంట్రుకవాసి తగలకుండా గట్టుకి ఆనించి ఇంజను ఆపాడు.

వీబెకె పైనుంచి వంగి, రెండోసారి కూడా కలిసిందా అని ఉత్సాహంగా అడిగింది. ఐగిల్ గది బయటికి వచ్చి బోదిల్ పక్కన నిలబడ్డాడు. తనే చెబుతాడేమోనని ఆవిడ కాసేపు ఆగింది. ఆయన చెప్పలేదు.

"యంత్రం బాగుంది," అంది బోదిల్. "ఐగిల్ గారికి చూపు లేదు. ఇక బోటు నడపకూడదు."

వీబెకె నవ్వు అలాగే ఉండిపోయింది. తర్వాత ఆవిడ కళ్ళు మెల్లగా జరిగి లౌరిట్స్ మీదికి పోయాయి. ఆవిడతోపాటే గట్టు మీద అందరివీ. లౌరిట్స్ చేతిలో తాడు చివర అలాగే ఉంది, దాన్ని వదలాలో పట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. వాహ్, అన్నాడు థోర్వాల్, బాగా ఆడారు మొగుడూ పెళ్ళాలు. ఎల్నా కూడా సంచి ఒళ్ళోకి లాక్కుని, నీకు సిగ్గులేదటే బోదిల్, నిన్ననే కదా ఆయన్ని వెనకేసుకొచ్చావు, అంది. చూపించడానికి బోదిల్ దగ్గర రుజువేమీ లేదు, ఉన్నది ఒక ఆరిపోయిన స్క్రీన్, అదీ ఇప్పుడు వెలిగి కూచుంది.

నీళ్ళు తగ్గి గట్టు చాలా ఎత్తున ఉంది. ఐగిల్ బోటు అంచు దాకా వచ్చాడు. రోజూ అంగలో దాటే మనిషి, ఎవరు చెయ్యి చాచినా నెట్టేసే మనిషి. అంచు పట్టుకుని అలాగే నిలబడి, మొహం పైకెత్తాడు, లౌరిట్స్ ఉన్న చోటికి కొంచెం పక్కగా.

"చెయ్యి ఇవ్వు, లౌరిట్స్," అన్నాడు, గట్టు చివరిదాకా వినపడేట్టు. "మెట్టు ఎక్కడుందో నాకు కనపడటం లేదు."

లౌరిట్స్ తాడు వదిలేసి, గట్టు మీద బోర్లా పడుకుని, రెండు చేతులూ కిందికి చాచాడు.